పుట్టింటికి వచ్చే పెట్టె

అనగనగా... ఆగండి పిల్లలూ! ఈ కథ గట్టిగా చదివేది కాదు. పక్కన కూర్చున్నవాళ్ళకి వినపడితే చాలు. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యానికి మేఘవరం రాజధాని. మేఘవరం వెనకాల బుసకొండ. బుసకొండ మీద ఒక గుహ. ఆ గుహలో ఒక రాక్షసి నిద్రపోతోంది.

ఆ రాక్షసికి పేరు ఉండే ఉంటుంది. ఊళ్ళో ఎవరూ పలికేవారు కారు. "పైనున్నావిడ" అనేవారు, అదైనా గొంతు తగ్గించి. ఆవిడ మేలుకుంటే ఏం జరుగుతుందో కళ్ళారా చూసినవాళ్ళు మేఘవరంలో ఒక్కరూ లేరు. చూసినవాళ్ళని ఆవిడ మిగల్చలేదు.

అందుకే మేఘవరంలో ఎడ్ల మెడలో గంటలు కట్టరు. ఆడపిల్లల పట్టీలకి మువ్వలుండవు. పెళ్ళికి మేళగాళ్ళు వస్తారు, తాంబూలం పుచ్చుకుంటారు, డోలు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చుంటారు, దాని మీద చెయ్యి మాత్రం వెయ్యరు. పిల్లలు గోలీలాడినా ఇసుకలోనే ఆడాలి. ఆ ఊళ్ళో మీరుంటే ఎలా ఉండేవారో ఆలోచించండి. మా ఇంట్లో పిల్లలైతే మొదటిరోజు పొద్దున్నే ఆవిడకి ఫలహారం అయిపోయేవారు.

ఆవిడ ఊరికే నిద్రపోవడం లేదు. ఒక పెట్టె ఆవిడని నిద్రపుచ్చుతోంది.

మూడు తరాల కిందట, కంచరి ఇంటి ఆడమనిషి ఒకామె ప్రాణాలకి తెగించి గుహ దాకా వెళ్ళింది. పొదలో దాక్కుని చూసింది. రాక్షసి పడుకుంటుంది, దొర్లుతుంది, పక్కకి చెయ్యి చాపి తడుముతుంది. పక్కన ఎవరూ ఉండరు. లేచి కూర్చుని ఏడుస్తుంది. ఏడ్చి ఏడ్చి, ఆకలేసి, ఊరి మీద పడుతుంది. అంత పెద్ద రాక్షసికీ ఒంటరిగా పడుకోవాలంటే భయమే!

ఆమె ఇంటికొచ్చి పనసచెక్కతో ఒక పెట్టె చేసింది. లోపల మేకతోలు తిత్తి పెట్టింది. తిత్తి ముందు మూడు ఇత్తడి నాలుకలు బిగించింది. ఒకటి మందం, ఒకటి మధ్యరకం, ఒకటి పలచన. తిత్తి నొక్కితే గాలి ఆ నాలుకల మీదుగా పోయి, పక్కన ఎవరో పడుకుని ఊపిరి తీస్తున్నట్టు వినపడుతుంది. గుహ వాకిట ఆ చప్పుడు చెవిన పడగానే రాక్షసి "వచ్చావా?" అని గొణిగింది. అటు తిరిగి పడుకుంది. పూటకొక జాము ఆ పెట్టె పలికితే చాలు, మళ్ళీ పూట దాకా కదలదు.

దాన్ని ఊపిరిపెట్టె అన్నారు. లోకం మొత్తం మీద దానితో పనిబడ్డది ఆ ఒక్క రాక్షసికే. దాన్ని చేసే ఇల్లూ ఆ ఒక్కటే.

మన కథనాటికి ఆ ఇంట్లో మిగిలింది ఆమె మనవరాలు పైడమ్మ. వయసు అరవై దాటింది. చూపు మందగించింది గానీ చెవులు మాత్రం పాము చెవులు. ఆమె తమ్ముడు గవరయ్య పెట్టె వాయించేవాడు. భార్య పోయాక గుహ వాకిట్లోనే చిన్న పాక వేసుకున్నాడు. ఆ అక్కకి తమ్ముడు, ఆ తమ్ముడికి అక్క. ఇంకెవరూ లేరు.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండేది. ఆషాఢం రాగానే కొత్త పెళ్ళికూతుళ్ళు పుట్టింటికి వస్తారు చూశారా? ఊపిరిపెట్టె కూడా అలాగే పైడమ్మ ఇంటికి రావాలి. ఆ నెలంతా బుసకొండ మీద తెరపి లేని వాన. ఆ వాన చప్పుడుకే పైనున్నావిడ నిద్రపోతుంది. గవరయ్య పెట్టెకి పసుపు రాసి, గుడ్డ కప్పి, నెత్తిన పెట్టుకుని కొండ దిగేవాడు. పైడమ్మ గుమ్మంలో ఎర్రనీళ్ళు తిప్పి, దిష్టి తీసి, "రా తల్లీ" అని లోపలికి తీసుకెళ్ళేది. ఇరుగుపొరుగువాళ్ళు చూసి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. గట్టిగా నవ్వడం ఆ ఊరివాళ్ళకి రాదు.

పెట్టెని ఇంట్లో దించి పైడమ్మ తను కొండెక్కేది. మూడు రోజులు గుహలో, రాక్షసి ముక్కు పక్కన కూర్చునేది. ఏమీ చేసేది కాదు. వినేది, అంతే. ప్రతి ఏడూ భయంతో ఆమె పళ్ళు టకటకలాడేవి. ఆ చప్పుడుకి ఎక్కడ లేస్తుందోనని కొంగు మడిచి పళ్ళ మధ్య పెట్టుకుని వినేది.

తిరిగొచ్చి పెట్టె విప్పేది. ఒక నాలుకని ఆకురాయితో కాస్త అరగదీసేది. ఇంకొకదాని మీద తేనెమైనం చుక్క అంటించేది. తిత్తికి చిల్లుపడితే ఒక ఏడు పూడ్చేది, ఒక ఏడు కావాలనే వదిలేసేది. శ్రావణం మొదటిరోజున పెట్టెకి కొత్త గుడ్డ పెట్టి అత్తారింటికి సాగనంపేది.

ఇలా అంతా సవ్యంగానే సాగుతోంది. రాజుగారికి మాత్రం కంటిమీద కునుకు లేదు.

రాజు పేరు సోమవర్మ. చెడ్డవాడు కాదు, పిరికివాడు. "ఒక్కటే పెట్టె. దాన్ని బాగుచేసేది ఒక్కతే ముసలమ్మ. రేపు ఆ పెట్టె విరిగితే? ఎల్లుండి ఆ ముసలమ్మ పోతే?" అని కనపడ్డ మంత్రినల్లా అడిగేవాడు. ఆ ప్రశ్న విన్న మంత్రులకి కూడా ఆ రోజు అన్నం సయించేది కాదు. నిజం చెప్పొద్దూ, రాజు అడిగినదాంట్లో తప్పేమీ లేదు.

ఒకనాడు పైడమ్మని కొలువుకి పిలిపించాడు.

"పైడమ్మా, నీ విద్య ఎవరికైనా నేర్పరాదా?"

"నేర్పకేం మహారాజా? నేర్చుకునేవాళ్ళు రావద్దూ? ఇంటింటికీ తిరిగి మూడుసార్లు చెవిలో చెప్పొచ్చాను. పదిమంది వచ్చారు. ఆకురాయి పట్టడం ఇట్టే నేర్చుకున్నారు. ఆవిడ పక్కన మూడు రోజులు కూర్చోవాలి అన్నాను. పదిమందీ చెప్పుల్లో కాళ్ళు పెట్టుకున్నారు."

కొలువులో ఉన్న మణిగుప్తుడు ఆ మాట విని ముందుకొచ్చాడు. దేశంలోకెల్లా పెద్ద వర్తకుడతను. కొండకి దూరంగా ఉన్న అతని కర్మాగారంలో మూడువందలమంది పనివాళ్ళు. ఏ వస్తువైనా ఒకసారి కంటపడితే చాలు, అచ్చం అలాంటివి బండెడు చేయించి ఊరూరా అమ్ముతాడని పేరు.

"ఒక చెక్కపెట్టెకి ఇంత ఆర్భాటమా మహారాజా! నాకు మూడు అవకాశాలు ఇప్పించండి. అలాంటివి వంద చేయిస్తాను. ఒకటి విరిగితే ఇంకొకటి. ఎవరు చచ్చినా, ఎవరు బతికినా మనకి దిగులుండదు" అన్నాడు.

రాజు మొహం వికసించింది. పైడమ్మకి కోపం రాలేదు. "మంచిదే సెట్టిగారూ. ఒక్క మాట. పెట్టెని చూస్తే సరిపోదు. ఒకసారి నాతో పైకొచ్చి ఆవిడని వినండి" అంది.

మణిగుప్తుడు ఒక అడుగు వెనక్కి వేశాడు. అయినా బింకంగా, "నేను చెయ్యాల్సింది పెట్టెని. ఆవిడతో నాకేం పని?" అన్నాడు.

పిల్లలూ, ఈ మాట గుర్తు పెట్టుకోండి.

మొదటిసారి మణిగుప్తుడు పెట్టెని పైపైన చూసి చేయించాడు. పొడవు అదే, వెడల్పు అదే, మూడు నాలుకలు అలాగే. పనసచెక్క ఏం బాగుంటుందని చందనం వాడాడు. మూలలకి వెండి రేకు తాపించాడు. చూస్తే రాజకుమార్తె నగలపెట్టెలా ఉంది. కార్తికమాసంలో ఒక ఉదయం దాన్ని కొండ మీదికి పంపాడు. తను మాత్రం కొండ కింద ఒక బండ చాటున నిలబడ్డాడు.

గవరయ్య గుహ వాకిట కూర్చుని తిత్తి నొక్కాడు.

లోపల గురక తడబడింది. "ఎవరే నువ్వు?" అంది రాక్షసి నిద్రలోనే. అని, అటునుంచి ఇటు దొర్లింది. కొండ అదిరింది. ఇల్లంత బండ ఒకటి ఊడి, దొర్లుకుంటూ వచ్చి రాజుగారి ఏనుగుశాల మీద పడింది. ఏనుగులు అప్పుడే ఏటికి వెళ్ళాయి కాబట్టి బతికాయి. గవరయ్య చందనం పెట్టెని పక్కకి తోసి, పాత పెట్టె లాక్కుని వాయించాడు. రాక్షసి సర్దుకుంది. మేఘవరం ఊపిరి పీల్చుకుంది.

రెండోసారి మణిగుప్తుడు పాత పెట్టెని విప్పించాడు. నాలుకల్ని దారంతో కొలిపించాడు, త్రాసులో తూయించాడు. ఈసారి పనసచెక్కే, మేకతోలే. పలచటి నాలుక మీద మైనం చుక్క కనపడింది. "మురికి" అన్నాడు. తిత్తికి ఎలుక కొరికిన చిల్లు కనపడింది. "ముసలిదానికి కళ్ళు కనపడక వదిలేసింది" అన్నాడు. తన పెట్టెలో ఆ రెండూ లేకుండా శుభ్రంగా చేయించాడు. పుష్యమాసంలో పైకి పంపాడు.

గవరయ్య తిత్తి నొక్కాడు. గురక ఆగింది. గుహ చీకట్లో ఒక కన్ను తెరుచుకుంది. బండి చక్రమంత కన్ను, పచ్చగా, తడిగా.

"నువ్వు నా దానివి కావు. నా పక్కన పడుకునేదానికి రొమ్ములో పిల్లికూతలుంటాయి. నీకు లేవు" అంది.

అంటూనే చెయ్యి బయటికి చాచి, కొండవాలున ఉన్న మేకల దొడ్డిని గుప్పిటితో తీసుకుంది. నలభై మేకలు. ఒక్క అరుపు వినపడింది, అంతే. గోరు తగిలి గవరయ్య తలపాగా ఎగిరిపోయింది. తలపాగాతో పాటు తల పోలేదని తడిమి చూసుకుని, అతను పాత పెట్టె అందుకున్నాడు. కన్ను మెల్లగా మూతపడింది. ఆ రోజంతా మేఘవరంలో ఒక్క పొయ్యి కూడా వెలగలేదు. పొయ్యి చిటపటలన్నా ఆవిడకి వినపడుతుందేమోనని అందరికీ భయమే.

మూడోసారి మణిగుప్తుడు ఏదీ వదల్లేదు. మైనం చుక్క ఎంతుందో అంత, ఎక్కడుందో అక్కడే పెట్టించాడు. ఆకురాయి గీతలు లెక్కబెట్టి అన్ని గీతలూ గీయించాడు. తిత్తికి ఎలుక కొరికిన చిల్లు కోసం ఎలుకనే పట్టించి కొరికించాడంటారు. ఇది నేను చూడలేదు, విన్నదే. ఫాల్గుణంలో పెట్టె కొండెక్కింది.

గవరయ్య గుండె చిక్కబట్టుకుని తిత్తి నొక్కాడు.

"వచ్చావా?" అంది రాక్షసి. అటు తిరిగి పడుకుంది.

రాజు మణిగుప్తుణ్ణి కౌగిలించుకున్నాడు. పదిరోజులు తిరక్కుండా కర్మాగారంలో వంద పెట్టెలు తయారయ్యాయి. ఒకదాని పక్కన ఒకటి పెడితే చేసినవాడికే తేడా తెలియదు. "ఇక ఆ పాతది ఉండకూడదు మహారాజా. పొరపాటున దాన్ని వాయిస్తే, అది అక్కడే విరిగితే?" అన్నాడు మణిగుప్తుడు. విరగడమనే మాట వింటేనే రాజుకి చెమటలు. పాత పెట్టెని కాల్చెయ్యమన్నాడు.

పైడమ్మ కొలువులో చేతులు జోడించి నిలబడింది. "కాలిస్తే కాల్చండి మహారాజా. కొత్తదాన్నైనా ఆషాఢానికి పుట్టింటికి పంపండి. అదొక్కటే నేను అడిగేది."

మణిగుప్తుడు పగలబడి నవ్వబోయి, ఊరు గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. "పుట్టింటికి పంపడానికి ఇదేమైనా కొత్త పెళ్ళికూతురా అవ్వా? దీని పుట్టిల్లు నా కర్మాగారం. అక్కడ దీని అక్కచెల్లెళ్ళు తొంభైతొమ్మిదిమంది ఉన్నారు" అన్నాడు.

పనసచెక్క మంటల్లో చాలాసేపు కాలింది. పైడమ్మని ఇక కొండ ఎక్కవద్దన్నారు. గవరయ్య మాత్రం పాకలోనే ఉండి కొత్త పెట్టె వాయించాలి. ఏడుపు వచ్చినా చప్పుడు చెయ్యకుండా ఏడవడం మేఘవరంలో అందరికీ తెలుసు. పైడమ్మ ఇంటికెళ్ళి అలాగే ఏడ్చింది. ఆరోజు మొదలు ఆమెకి సరిగ్గా నిద్ర లేదు. ఆమె భయమంతా తమ్ముడి గురించే. రాక్షసి లేస్తే మొట్టమొదట ఆవిడ చేతికి అందేది గుహ వాకిట్లో కూర్చున్నవాడే కదా.

చైత్రం గడిచింది. వైశాఖం, జ్యేష్ఠం గడిచాయి. ఆషాఢం వచ్చింది, వాన పట్టుకుంది. గవరయ్య కొండ దిగి అక్క ఇంటికి వచ్చాడు. పెట్టె మాత్రం పట్టుబట్ట చుట్టుకుని కోటలో కూర్చుంది. దానికి ఎర్రనీళ్ళు తిప్పినవాళ్ళు లేరు.

ఆ నెలలోనే ఒకనాడు, జోరువానలో, గుహ లోపల టప్పుమని ఏదో రాలిపడింది. వినడానికి అక్కడ ఎవరూ లేరు.

శ్రావణం మొదటిరోజు పొద్దున గవరయ్య కోట నుంచి పెట్టె తీసుకుని బయల్దేరాడు. పైడమ్మ వీధి చివరిదాకా వెంట నడిచింది.

"వెళ్ళకురా తమ్ముడూ. నేను వినకుండా దాన్ని వాయించకు. నా మనసు కీడు శంకిస్తోంది."

"ఏం కాదులే అక్కా. ఫాల్గుణం నుంచీ పలుకుతూనే ఉందిగా. రాజాజ్ఞ కాదంటే కింద చావు, ఔనంటే పైన చావు. పైన గాలైనా బాగుంటుంది" అని నవ్వాడు గవరయ్య. అతని చెయ్యి మాత్రం అక్క చేతిలో చల్లగా ఉంది.

కొండెక్కాడు. కూర్చున్నాడు. తిత్తి నొక్కాడు.

మేఘవరంలో పుట్టినవాళ్ళకి ఆ గురక, పుట్టినప్పటినుంచీ వింటున్నదే. అందుకే వాళ్ళకి అది వినపడదు. ఆ ఉదయం ఒక్కసారిగా అందరికీ వినపడింది, ఎందుకంటే ఆగిపోయింది. పాలు పితికేవాళ్ళు చేతులు ఆపేశారు. నీళ్ళు తోడేవాళ్ళు చేద వదిలేశారు.

"ఇది ఎవరి ఊపిరి?" అంది పైనున్నావిడ.

గవరయ్య వాయిస్తూనే ఉన్నాడు. ఆపితే ఏమవుతుందో అతనికి తెలియదు.

"ఇది నిరుటి ఊపిరి. నాకు పన్ను ఊడింది, నా ఊపిరి మారింది. ఏటా నాతోపాటే మారే నా పక్కదానికి ఈసారి మారలేదు. చచ్చినవాళ్ళ ఊపిరొక్కటే మారదు." గొంతు పెరిగింది. "నా పక్కలో శవాన్ని పడుకోబెట్టారా?"

కోటలో రాజు, "ఇంకో పెట్టె! ఇంకో పెట్టె పంపండి!" అన్నాడు. భటులు మిగిలిన తొంభైతొమ్మిది పెట్టెలూ మోసుకుని సగం కొండ ఎక్కారు. ఒకటి వాయించారు. పది వాయించారు. ఏం చెయ్యాలో తోచక అన్నీ కలిపి వాయించారు. వంద పెట్టెల్లోనూ ఒకటే తప్పు.

"ఇంతమంది శవాలా!" అని రాక్షసి లేచి కూర్చుంది. తల తగిలి గుహ కప్పు పగిలింది. ఎండ లోపలికి పడింది. మూడు తరాల తరవాత మేఘవరం ఆవిడ మొహం చూసింది. భటులు పెట్టెలు పారేసి దొర్లుకుంటూ దిగారు. మణిగుప్తుడు ఇంటికి పరుగెత్తి ధాన్యపు గాదెలో దూరాడు. ఊళ్ళో తలుపులన్నీ మూసుకున్నాయి. రాక్షసి చెయ్యి చాచి గవరయ్యని గుప్పిట్లోకి తీసుకుంది.

మూసుకోని తలుపు ఒక్కటే. అది పైడమ్మది. ఆమె ఆకురాయి, మైనంముద్ద కొంగున కట్టుకుని కొండ ఎక్కుతోంది. కాళ్ళు వెనక్కి లాగుతున్నాయి. ధైర్యవంతురాలని చెప్పాలని నాకూ ఉంది గానీ, ఆమె భయంతో ఏడుస్తూనే ఎక్కింది.

గుహ ముందు కొత్త పెట్టె బోర్లా పడి ఉంది. పైడమ్మ దాన్ని ఒళ్ళోకి తీసుకుంది.

"నువ్వెవతెవి?" అంది రాక్షసి.

పైడమ్మ పెట్టెని గుండెకి హత్తుకుంది.

"దీని పుట్టింటిదాన్నమ్మా."

"అయితే నీ పిల్ల చచ్చిపోయింది."

"చావలేదు తల్లీ. ఒంట్లో బాగాలేదు. ఈ ఏడు పుట్టింటికి రానివ్వలేదు, అందుకే చిక్కిపోయింది. నేను నయం చేస్తాను. మా తమ్ముణ్ణి కిందికి దించు."

రాక్షసి గుప్పిట విప్పలేదు. "చెయ్యి. నాకు నిద్రైనా రావాలి, ఆకలైనా తీరాలి. ఏది ముందైతే అది."

పైడమ్మ ఆకురాయి తీసింది. అంతలోనే ఆమె చెయ్యి ఆగిపోయింది. ఎంత అరగదియ్యాలి? ఎక్కడ? ఆమె ఎప్పుడూ విన్నది నిద్రపోయే ఊపిరిని. ఇప్పుడు వినపడుతున్నది కోపంతో బుసకొట్టే ఊపిరి. నిద్రపోతే గానీ ఆ ఊపిరి వినపడదు. ఆ ఊపిరి వినపడితే గానీ పెట్టె పలకదు. పెట్టె పలికితే గానీ ఈవిడ నిద్రపోదు. గుప్పిట్లో గవరయ్య మొహం నల్లబడుతోంది.

ఆ క్షణాన పైడమ్మకి ఆవలింత వచ్చింది.

ఫాల్గుణం నుంచీ నిద్రలేని మనిషి. భయమూ ఏడుపూ అయిపోయాక ఇక ఒంట్లో మిగిలింది అదే. నోరారా ఆవలించింది. గుప్పిట్లోంచి గవరయ్య, "ఇప్పుడా అక్కా ఆవలింత?" అనబోయి, మాట పూర్తికాకుండానే తనూ ఆవలించాడు.

ఇద్దర్నీ చూసిన రాక్షసి నోరు తెరుచుకుంది. తనూ ఆవలించింది!

(మీరూ ఆవలించారు కదూ? నాకు తెలుసు.)

అది నోరు కాదు, ఇంకో గుహ. మేకల కంపు గుప్పుమంది. పైడమ్మ కొంగు మడిచి పళ్ళ మధ్య పెట్టుకుని, ముందుకు వంగి విన్నది. ఆవలింత అంటే నిద్రకి గుమ్మమే కదా! ఊపిరి అడుగున ఉండే మందపు శబ్దం ఇంకా కిందికి దిగింది. ఆమె మందపు నాలుకని నాలుగుసార్లు అరగదీసింది.

పైడమ్మ మళ్ళీ ఆవలించింది. రాక్షసి రెండోసారి ఆవలించింది. ఊపిరి నడుమ ఒకచోట తడబడి మళ్ళీ అందుకుంటోంది, మెట్లెక్కే ముసలివాళ్ళలాగా. పైడమ్మ మధ్య నాలుకని ఒకపక్క మాత్రమే గీసింది.

మూడోసారి రాక్షసి ఆవలించినప్పుడు పైడమ్మకి కనపడింది. ఎడమవైపు పై పన్ను లేదు. ఆ సందులోంచి గాలి సన్నగా ఈల వేస్తోంది. పలచటి నాలుకని మైనం చుక్క నొక్కిపెట్టింది, అది ఈల వెయ్యలేదు. మణిగుప్తుడు ఎంతో కష్టపడి, కొలిచి కొలిచి పెట్టించిన ఆ మైనాన్ని పైడమ్మ గోటితో గీకి పారేసింది.

తిత్తి నొక్కింది.

మందంగా ఒక ఊపిరి. నడుమ చిన్న తడబాటు. చివర సన్నటి ఈల.

రాక్షసి తల పక్కకి వాల్చింది. చాలాసేపు విన్నది. పైడమ్మ అంతసేపూ తమ్ముడి వైపు చూడలేదు, చూస్తే తిత్తి మీద చెయ్యి తప్పుతుందని.

"వచ్చావా?" అంది రాక్షసి. గొంతులో కోపం లేదు. "ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావే?"

"పుట్టింటికి వెళ్ళానమ్మా" అంది పైడమ్మ.

"చెప్పి వెళ్ళకూడదూ?" అని గొణుక్కుంటూ రాక్షసి పడుకుంది. గుప్పిట వదులైంది. గవరయ్య వేళ్ళ సందులోంచి జారి, పాక్కుంటూ వచ్చి అక్క కాళ్ళ దగ్గర పడ్డాడు. ఆమె ఒక చేత్తో అతని తల నిమురుతూ, ఇంకో చేత్తో జాము గడిచేదాకా తిత్తి నొక్కుతూనే ఉంది. కింద ఊళ్ళో గురక మళ్ళీ వినపడింది. కాసేపటికి ఎవరికీ వినపడటం మానేసింది.

మర్నాడు మణిగుప్తుణ్ణి గాదెలోంచి బయటికి లాగి కొలువులో నిలబెట్టారు. ఒంటినిండా వడ్లు. రాజు అతని తల తియ్యమన్నాడు.

పైడమ్మ అడ్డం వచ్చింది. "తల తీస్తే దాంతో పాటు చెవులు కూడా పోతాయి మహారాజా. ఆ చెవులు నాకు కావాలి. తమరు అడిగిన ప్రశ్న మంచిదే. నేను పోతే ఏమిటని అడిగారు. పెట్టెలు వంద ఉన్నా లాభం లేదని నిన్న చూశారు. వినేవాళ్ళు ఇంకొకరుంటే చాలు. ఎలుక కొరుకుడు కూడా వదలకుండా చూసిన మనిషి, కూర్చోబెడితే వినలేకపోతాడా?"

మణిగుప్తుడు ఆ మాట విని, తల తీయించుకోవడమే నయమేమో అనుకున్నాడు. అయినా ఆషాఢం రాగానే వెళ్ళక తప్పలేదు. మొదటి ఏడు రాక్షసి ముక్కు పక్కన కూర్చుంటే అతనికి తన గుండె దడ తప్ప ఏమీ వినపడలేదు. రెండో ఏడు వాన వినపడింది. మూడో ఏడు, మూడో రోజు సాయంత్రానికి, ఆవిడ ఊపిరి వినపడింది. ఇంటికొచ్చి, భటులు కొండ మీద పారేసిన తొంభైతొమ్మిది పెట్టెల్నీ ఏరించి తెచ్చి, తనే గొడ్డలి పెట్టి చీల్చి వంటచెరుకు చేశాడు.

నాలుగో ఏడు పైడమ్మ మంచం దిగలేకపోయింది. మణిగుప్తుడు ఒక్కడే కొండెక్కి మూడు రోజులు కూర్చుని వచ్చాడు. పెట్టెకి ఆ ఏడు ఆమె గుమ్మంలో గవరయ్యే ఎర్రనీళ్ళు తిప్పాడు. మణిగుప్తుడు ఆకురాయితో నాలుకల్ని సరిచేసి, ఆమె చెవి దగ్గర తిత్తి నొక్కాడు. పైడమ్మ కళ్ళు మూసుకుని విన్నది.

"ఆవిడ కూడా ముసలిదైపోతోంది పాపం" అంది. అని, పెట్టె మీద చెయ్యి వేసి నిద్రపోయింది.

"భయం పోయిందా సెట్టిగారూ?" అని గవరయ్య మెల్లగా అడిగాడు.

"పోలేదు" అన్నాడు మణిగుప్తుడు. అతని పళ్ళ మధ్య ఇంకా ఉత్తరీయం కొస ఉంది.

బుసకొండ మీద ఆవిడ ఇప్పటికీ నిద్రపోతూనే ఉంది. ఏటేటా పెట్టె పుట్టింటికి వస్తూనే ఉంది. అందుకే ఈ కథ మెల్లగా చదవమన్నాను. ఇక దీపం తగ్గించి, చప్పుడు చెయ్యకుండా ఈ నీతిని చెవిలో వేసుకోండి.

వస్తువుని చూసి ఎవరైనా అలాంటిదే చెయ్యగలరు. అది ఎవరికోసమో వాళ్ళ దగ్గర, భయపడుతూనైనా, ఏటేటా కూర్చుని వినేవాళ్ళ పనితనాన్ని మాత్రం ఎవరూ కాజెయ్యలేరు.